నోరు తెరిచినవాళ్ళంతా ఒప్పుకున్నారు

తన మాట కాదనేవాళ్ళు కూడా ఈ లోకంలో ఉంటారని పళ్ళ డాక్టరుకి చాలాకాలం తెలియలేదు. ఇందులో ఆయన తప్పు పెద్దగా లేదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆయన కబుర్లు చెప్పేది ఎవరితో? చెంపల్లో దూది కుక్కించుకుని, పెదవి మూల ఉమ్మి పీల్చే గొట్టం తగిలించుకుని, నోరు బార్లా తెరిచి వెల్లకిలా పడుకున్నవాళ్ళతో.

"ఈ కాలం పిల్లలకి పనంటే ఒళ్ళు బరువండీ. ఏమంటారు?" అనేవాడు డ్రిల్లు పెడుతూ.

"ఆఁ" అనేవాడు పేషెంటు.

"ఊరి మధ్య ఆ ఫ్లైఓవరు శుద్ధ దండగ. కాదంటారా?"

"ఆఁ, ఆఁ."

"చూశారా, మీరూ అదే అంటున్నారు."

ఆ ఫ్లైఓవరు కట్టిన ఇంజనీరే ఒకసారి ఆ కుర్చీలో పడుకున్నాడు. డాక్టరు మాటలు వింటూంటే అతని కళ్ళమ్మట నీళ్ళు కారాయి. పాపం, చేసిన పనికి సిగ్గుపడుతున్నాడనుకున్నాడు డాక్టరు. మత్తు సరిగ్గా ఎక్కలేదని గ్రహించి నర్సమ్మ ఇంకో సూది అందించింది.

ఇంట్లోనూ అంతే. భార్య పెళ్ళైన కొత్తలో వాదించేది. తర్వాత ఇయర్‌ఫోన్లు కొనుక్కుంది. ఆయన పెదాలు ఆగినప్పుడల్లా ఓసారి తల ఊపేది. అలా ఊరూ ఇల్లూ ఏకగ్రీవంగా తన వెనకే ఉన్నాయని డాక్టరు ధీమాగా బతుకుతున్నాడు.

ఒకనాడు బావమరిది హడావిడిగా ఫోన్ చేశాడు. అతను లోకల్ టీవీ ఛానెల్లో చర్చా కార్యక్రమాలు చూసుకుంటాడు.

"బావగారూ, బజారు వీధిలోకి కార్లు రానివ్వాలా వద్దా అని ఇవాళ చర్చ. రావలసినాయన జ్వరమంటున్నాడు. మీరొచ్చి కూర్చోవాలి."

డాక్టరు ఇస్త్రీ చొక్కా వేసుకుని అద్దం ముందు నిలబడ్డాడు. భార్య ఒక చెవిలోది తీసి, "అక్కడ అవతలివాళ్ళు కూడా మాట్లాడతారండీ" అంది.

"మాట్లాడనీ. ఒప్పుకున్నామని చెప్పడానికైనా నోరుండాలిగా" అన్నాడాయన.

స్టూడియోలో ఎదుటి కుర్చీలో రిటైరైన లెక్కల టీచరమ్మ కూర్చుని ఉంది. డాక్టరు గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు.

"కార్లు ఆపేస్తే బజారు మూతపడుతుంది. ఇది ఊరంతా ఒప్పుకున్న మాట."

"ఎవరొప్పుకున్నారండీ?" అని అడిగింది టీచరమ్మ.

"అందరూ. నా పేషెంట్లంతా."

"ఏమని చెప్పారు?"

డాక్టరు కాస్త ఆలోచించి, ఉన్నమాటే చెప్పాడు. "ఆఁ అన్నారు."

కెమెరా వెనక ఎవరికో నవ్వు పొలమారింది. టీచరమ్మ మాత్రం నవ్వలేదు. "పోనీ వాళ్ళ సంగతి వదిలేయండి. మీకు అలా ఎందుకనిపిస్తోంది?" అంది.

ఇన్నేళ్ళలో ఆయన్ని ఎందుకని అడిగినవాళ్ళు లేరు. డాక్టరు తన మనసులో వెతుక్కున్నాడు. అభిప్రాయమైతే ఉంది, నిగనిగలాడుతూ ఉంది. అది ఎక్కణ్ణించి వచ్చిందో మాత్రం అంతుపట్టలేదు. పేపర్లో చదివాడో, నాన్న అనేవాడో, దూది పెట్టకముందు ఏ పేషెంటో అనేసి ఊరుకున్నాడో. అలవాటైన చెయ్యి దానంతటదే పనిముట్ల కోసం బల్ల తడిమింది. ఆయన ముందుకు వంగి, రోజూ వాడే మెత్తటి గొంతుతో ఇలా అన్నాడు:

"అమ్మా, కాస్త నోరు పెద్దగా తెరవండి."

కార్యక్రమం లైవు. ఆయన ఇల్లు చేరేలోపే ఆ ముక్క ఊళ్ళో అందరి ఫోన్లకీ చేరిపోయింది.

మర్నాటినుంచి క్లినిక్కులో వరస మారింది. కుర్చీ ఎక్కకముందే పేషెంట్లు చెయ్యెత్తి ఆపేవాళ్ళు. "పన్ను సంగతి తర్వాత డాక్టరుగారూ. ముందు నన్ను చెప్పనివ్వండి" అన్నాడు బస్సు డ్రైవరు. "ఆ ఫ్లైఓవరు లేకపోతే మా బస్సులు ఇప్పటికీ చౌరస్తాలోనే ఉండేవి. అప్పుడే చెప్దామనుకున్నా. మీరు గొట్టం పెట్టేశారు." దర్జీ తన కొడుకు రెండు ఉద్యోగాలు చేస్తున్నాడని, ఒళ్ళు బరువన్న మాట వెనక్కి తీసుకోమని పట్టుబట్టాడు. ఏళ్ళ తరబడి మింగినవన్నీ అందరూ కక్కేస్తున్నారు. సగంమందికి పైగా తనతో ఒప్పుకోవడం లేదని తెలిసి డాక్టరు బెంగపడ్డాడు. మిగతావాళ్ళు ఎందుకు ఒప్పుకుంటున్నారో విన్నాక ఆ బెంగ కాస్తా భయంగా మారింది.

అక్కడితో నోరు మూసుకుని పని చేయడం మొదలుపెట్టాడు. అదీ అచ్చిరాలేదు. డాక్టరు మాట్లాడకుండా నోట్లోకి చూస్తుంటే పేషెంట్లకి గుండెలు జారిపోయేవి. "అంత పాడైపోయిందాండీ? ఉన్నమాట చెప్పేయండి" అని బతిమాలేవాళ్ళు.

ఇలా ఉండగా బావమరిది స్వీట్లు పట్టుకుని వచ్చాడు.

"బావగారూ, మా ఛానెల్ పుట్టాక అంతమంది చూసిన కార్యక్రమం లేదు. వారం వారం మీరే రావాలంటున్నాడు మా ఓనరు."

డాక్టరుకి నమ్మబుద్ధి కాలేదు. "నా పరువు పోయింది కదయ్యా" అన్నాడు.

"పోతే పోయింది, పేరొచ్చిందిగా."

"మరి ఆ టీచరమ్మ?"

"ఆవిడ ఎందుకు ఎందుకు అని ప్రాణం తీస్తుంది. ఆవిడ నోరు తెరవగానే జనం ఛానెల్ మార్చేస్తారు. పిలవట్లేదు."

డాక్టరుకి ఒక్క క్షణం వద్దనాలనిపించింది. ఆవిడ ఇల్లు కనుక్కుని, ఎందుకో నాకూ తెలియదమ్మా అని చెప్పి రావాలని కూడా అనిపించింది. ఆ మాట పైకి అనబోయి, స్వీటు నోట్లో వేసుకున్నాడు. అది నమిలేలోపు మనసు కుదుటపడింది.

ఇప్పుడు ప్రతి శనివారం ఆయన టీవీలో వస్తున్నాడు. ఎదుటి కుర్చీలో గొంతు డాక్టర్ని కూర్చోబెట్టారు. ఆయన పేషెంట్లదీ ఇదే పరిస్థితి: నాలుక మీద పుల్ల, నోట్లోంచి ఆఁ తప్ప మాట రాదు. ఇద్దరూ ఒకేసారి మొదలుపెట్టి, ఒకేసారి ఆపుతారు. ఆపాక ఎదుటివాడు ఒప్పుకున్నాడని ఇద్దరూ చేతులు కలుపుకుంటారు. జనం ఎగబడి చూస్తున్నారట.