కాంపోలో నిలబడ్డ మనిషి

అమెరికాలో, క్యారీ ఊళ్లో ఇంట్లో కూర్చుని నేను చేసే పని దెయ్యాల్ని చెరపడం. నవ్వకండి, స్కాన్‌లో అడ్డంపడ్డ మనుషుల్ని మా పనిలో అలాగే అంటారు. ఇటలీలో సియెనా ఊరి నడిబొడ్డున కాంపో అని ఒక పాత కూడలి ఉంది. దాన్ని లేజర్‌తో స్కాన్ చేసి మాకు పంపారు. మనుషుల్ని తీసేసి, ఖాళీ కూడలిని ఒక మ్యూజియానికి ఇవ్వాలి. నడిచేవాళ్లు పొగచారల్లా పడతారు. కదలకుండా నిలబడ్డవాళ్లే నిండుగా పడతారు.

ఏడువందల ఏళ్ల కిందట ఊరిని ఏలిన తొమ్మిదిమంది గుర్తుగా, ఆ ఎర్రిటుక నేలని తెల్లరాతి గీతలతో తొమ్మిది ముక్కలు చేశారు. అన్నీ విసనకర్రలా కిందికి వాలి, టౌన్‌హాల్ ముందున్న తూము దగ్గర కలుస్తాయి.

ఆ తూము పక్కన ఒకాయన. పొద్దుటి స్కాన్‌లో ఉన్నాడు, సాయంత్రం దాంట్లోనూ ఉన్నాడు. జూమ్ చేశాను. మంకీ క్యాప్, చేతిలో పులిహోర డబ్బా సంచీ. మా ఆయన గౌరీశంకర్!

స్కాన్ తీసింది పోయిన నెల. ఆయన పోయి ఏడాది దాటింది.

ఒకప్పుడు ఇద్దరం అక్కడికి వెళ్లాం. మోకాళ్ల నొప్పులని, నేను టౌన్‌హాల్ టవర్ ఎక్కి దిగేదాకా ఆయన ఆ తూము దగ్గరే ఉన్నారు. హాస్పిటల్లో ఆఖరి రోజు మగతలో, "ఉమా, కాంపోలో చలిగా ఉందే. టవర్ దిగావా?" అన్నారు. "దిగుతున్నానండీ. అక్కడే ఉండండి, ఎటూ పోకండి" అన్నాను. బతికున్నన్నాళ్లూ నా మాట ఒక్కటి వింటే ఒట్టు, ఇది మాత్రం విన్నారు. కోపమొచ్చింది, ఏడుపూ వచ్చింది.

చెరిపాను. ఫైల్ మళ్లీ తెరిస్తే అక్కడే ఉన్నారు.

మా టీమ్ లీడ్ శ్రీవిద్య ఫోన్ చేసింది. "ఉమగారూ, తూము దగ్గర ఎవరో మిగిలిపోయారు. డిలీట్ చేసేయండి ప్లీజ్."

ఆ చలిలో ఆయన్ని ఇంకెన్నాళ్లు నిలబెట్టను? పంపించేయాలి. వీఆర్ హెడ్‌సెట్ పెట్టుకుని స్కాన్‌లోని కాంపోలోకి దిగాను. చుట్టూ ఇళ్ల కిటికీలన్నీ ఒకే తీరు, అప్పటి చట్టం అది. అన్నీ నన్నే చూస్తున్నట్టున్నాయి. పొద్దున అటు తిరిగి ఉన్న ఆయన మొహం ఇప్పుడు నావైపు ఉంది.

"దిగానండీ. మీతో రావడానికి నాకింకా టైముంది. మీరిక నిలబడొద్దు."

వెళ్లండి అనాలి. గుమ్మం దాటే మనిషితో ఆ ఒక్క మాటే అనకూడదని చిన్నప్పుడే నూరిపోశారు. ముప్పై ఏళ్లు రోజూ ఆఫీస్‌కెళ్లే ఆయనతో ఎన్నడూ అనలేదు. ఎలాగో అనేశాను.

"వెళ్లిరండి."

తూము దగ్గర ఎవరూ లేరు. అమ్మయ్య, అనుకుని హెడ్‌సెట్ తీశాను. కళ్లు తుడుచుకుంటుంటే ఫోన్ టింగుమంది, డోర్‌బెల్ కెమెరా. బయట ఆగస్టు ఎండ మండిపోతోంది. గుమ్మం ముందు మంకీ క్యాప్, సంచీ.

అప్పుడు తట్టింది నేనేమన్నానో. నా నోరు పడిపోను!

"ఉమా, చలిగా ఉందే. తలుపు తియ్" అంది స్పీకర్.