కెన్యా బురద

మా షిజువోకా రిమోట్ కార్ల క్లబ్బులో కప్పు గెలవాలంటే పాతకాలపు ర్యాలీ పందెం కారు నమూనా తయారుచేసి, ఒక చుట్టు నడిపి, అప్పుడు జడ్జికి చూపించాలి. ఆరేళ్లుగా రెండో స్థానం దాటని కురాతా మాస్టారు ఈసారి దృష్టంతా బురద మీద పెట్టారు. కెన్యా నుంచి అసలు ర్యాలీ దారి ఎర్రమట్టి తెప్పించి, పాత ఫొటోలు చూసుకుంటూ సన్న కుంచెతో పదకొండు నెలలు కారుకి పూశారు.

"కారు కన్నా బురదే బరువెక్కింది మాస్టారూ" అన్నాను.

పొగిడాననుకుని ఆయన తలూపారు.

పోటీ రోజు వాన దంచింది. అందరికంటే ముందు బయల్దేరిన ఆయన కారు మొదటి నీళ్లగుంటలో మునిగి, షోరూంలోంచి వచ్చినట్టు తళతళలాడుతూ తేలింది. వెనకే వచ్చిన నొజుయే గారి కారు అదే గుంటలో దిగి, ఒళ్లంతా ఎర్రగా పూసుకుని పైకొచ్చింది.

"అబ్బ! అచ్చం ఆఫ్రికా నుంచి దిగినట్టుంది!" అంటూ జడ్జి కప్పు ఆవిడ చేతిలో పెట్టాడు.

"అది నా బురదండీ!" మాస్టారు గొంతు చించుకున్నారు.

"అయ్యో, మీదేనా?" నొజుయే గారు పాత టూత్‌బ్రష్ ఆయన చేతికిచ్చారు. "ఎలాగూ కారు కడగాలి. మీ సొత్తు మీరు తీసేసుకోండి మాస్టారూ."

ఆయన తీసుకున్నారు. జడ్జి ఎదుటే మోకాళ్ల మీద కూర్చుని, చక్రాల సందుల్లోది కూడా వదలకుండా, వచ్చే ఏడాదికి డబ్బాలో ఎత్తుకున్నారు.