పంది కార్జం, భీమమ్మ చూపు

మేకను కోసిన ఇంట్లో కార్జం ఎవరి విస్తరిలో పడాలో నిర్ణయించింది ఎవరు? గోపాల్‌పేట పక్కనున్న ఆ ఊళ్ళో ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. అడగలేదు కనుక జవాబు చెప్పవలసిన అగత్యం ఎవరికీ కలగలేదు.

కృష్ణయ్య పటేలు ఇంట్లో మైసమ్మకు మేకను కోసిన నాడు పొయ్యి మీద మొట్టమొదట వేగేది కార్జం. మగవాళ్ళు అరుగు మీద కూర్చుని, కల్లు ముంతల పక్కన దాన్ని నంజుకునేవారు. ఆ తర్వాత మాంసం. ఆడవాళ్ళ వంతు వచ్చేసరికి కుండలో ఎముకలూ కారం నీళ్ళూ మిగిలేవి. "ఆడది కార్జం తింటె గుండె గట్టివడ్తది, చెప్పిన మాట ఇనదు" అనేది పటేలు భార్య జంగమ్మ. ఆ మాట ఆమెకు ఆమె అత్త చెప్పింది.

ఫసలీ పదమూడు వందల నలభై తొమ్మిదిలో, అంటే ఇంగ్లీషు లెక్కన 1939-40లో, ఆ ఇంటి పెద్ద కోడలు భీమమ్మకు మూడో కాన్పు అయింది. నాలుగు నెలలు గడిచినా ఆమె లేచి తిరగలేకపోయింది. పాదాలు నీరు పట్టాయి. గోళ్ళు తెల్లగా పాలిపోయాయి. పొద్దు గూకిందంటే కళ్ళ ముందు నల్లటి కంబళి వేలాడదీసినట్టుండేది. ఇంట్లోంచి గొడ్ల కొట్టం దాకా గోడ పట్టుకొని నడిచేది. చీకట్లో పిల్లవాడు ఏడిస్తే ఏడుపును బట్టి వెతుక్కునేది. ఒకసారి వాడి చెయ్యి తొక్కింది.

ఆమె భర్త హన్మంతు ఆమెను బండి మీద వనపర్తి దవాఖానకు తీసుకుపోయాడు. అక్కడి నర్సు కుబ్రా బేగం భీమమ్మ కింది రెప్పను వేలితో లాగి చూసింది.

"సున్నమేసినట్టుందమ్మా, చుక్క రక్తం లేదు. నీ మందు నా సీసలల్ల లేదు. కలీజీ తిను, అదే కార్జం. వారానికి రెండుసార్లు, నీ చేరెడు."

"రేచీకటి గూడ పోతదా?"

"మొదలు పొయ్యేది అదే."

హన్మంతు ఇంటికి వచ్చి ఆ మాట తల్లికి చెప్పాడు, చెప్పి బయటికి వెళ్ళిపోయాడు. జంగమ్మ చేస్తున్న పని ఆపలేదు.

"ఆరుగుర్ని కన్న. నాకెవడు పెట్టిండు కార్జం? పొద్దుగూకంగనె కండ్లు వోతయట. పని ఎగ్గొట్టనీకె మంచి రోగమే దొరికింది."

ఊరి బయట దిబ్బ మీద ఎరుకల గుడిసెలు నాలుగు ఉండేవి. అందులో ఈదమ్మ అనే పెద్దామె ఈత బరిగెలతో గంపలూ తట్టలూ అల్లి, వారానికొకసారి ఇంటింటికీ తెచ్చి జొన్నలకు ఇచ్చేది. ఒకనాటి సాయంత్రం భీమమ్మ కొట్టం దగ్గర తట్ట అంచును తడుముతూ ఉండగా ఆమె నవ్వింది.

"ఏందమ్మా, కండ్లు ఎవలకన్న బదులిచ్చినవా? చేతులతోని చూస్తున్నవ్."

"పొద్దుగూకితె నాకు కనవడదు."

"బాలింతవా?"

"ఐదో నెల."

"మా గుడిసెలల్ల పందిని కోస్తె కార్జం ముందుగాల బాలింతకే. మొగోడు చెయ్యి వెడితె చెయ్యి మీద కొడ్తం. కార్జం కంటికి, తిల్లి రక్తానికి, గుండెకాయ దమ్ముకు. మీ ఇండ్లల్ల ఎవలు తింటరు?"

భీమమ్మ అరుగు వైపు ముఖం తిప్పింది.

"తెమ్మంటవా?"

"పందిదా?"

"మేకది మీ అరుగు మీదనె ఉంటదిగద. పో, అడుగు."

మేక కార్జంలో ఉన్నదానికంటె పంది కార్జంలో ఇనుము ఎక్కువ. కంటికి చూపునిచ్చే సత్తువ రెండింటిలోనూ దండిగా ఉంటుంది. ఇది ఇప్పుడు పుస్తకాల్లో ఉంది. ఈదమ్మ పుస్తకం చదవలేదు, బాలింతలను చూసింది.

ఆమె ఉప్పూ కారం వేసి బాగా కాల్చిన కార్జాన్ని, దొరికిన నాడు తిల్లి, అంటే ప్లీహం, ముక్కను కూడా, మోదుగాకు దొప్పలో పెట్టి, బోర్లించిన తట్ట కింద దాచి తెచ్చేది. మొదటిసారి భీమమ్మ ఊపిరి బిగబట్టి, గోడవైపు తిరిగి మింగింది. రెండోసారి నమిలింది. మూడోసారి ఈదమ్మ అడుగుల చప్పుడు కోసం ఎదురుచూసింది. మూడో వారం పొద్దు గూకిన తర్వాత దూలానికి వేలాడే ఉట్టి కనబడింది. ఆ పక్కన నిద్రపోతున్న కొడుకు ముఖం కనబడింది. వాడి పై పెదవి అచ్చం తన తండ్రిదని ఆ సాయంత్రమే గమనించింది. ఆమె ఎవరికీ చెప్పలేదు. చూపు వచ్చిందంటే మందు పేరు అడుగుతారు. అందుకని గోడ వదలలేదు.

ఎనిమిదో వారం జంగమ్మ మేత తీయడానికి కొట్టంలోకి వచ్చి, చొప్ప కింద దొప్పను చూసింది. అందులో మాడిన ముక్క ఒకటి మిగిలి ఉంది. వాసన చూసి దూరంగా విసిరింది. ఈదమ్మ అప్పటికి వీధి మలుపు కూడా దాటలేదు. జీతగాడు పోయి ఆమెను పిలుచుకొచ్చాడు.

వాకిట్లో కులపెద్దలు కూర్చునేసరికి మసక కమ్మింది. పటేలు కోడలి వైపు చూడకుండా అడిగాడు.

"కోడలా, ఇది నువ్వు తిన్నదా, లేకుంటె గొడ్లకు కీడు జెయ్యనీకె అది పెట్టిపోయిందా?"

పంది మాంసం తిన్న కోడలు ఆ ఇంట్లో ఉండదు. పుట్టింటికి పోతుంది, పిల్లలను వదిలి పోతుంది. చంటివాడింకా పాలు తాగుతున్నాడు. భీమమ్మ గోడకు ఆనుకొని నిలబడింది.

"నాకు తెల్వదు మామా. ఆమెనె పెట్టిపోయుంటది."

వాకిలి ఆ చివర నిలబడిన ఈదమ్మ ఏడవలేదు, తిట్టలేదు. ఒకే ఒక్క మాట అడిగింది.

"అమ్మా, ఈ మసకల నా మొకం నీకు కనవడ్తుందా?"

కనబడుతోంది. గడ్డం మీది పచ్చబొట్టు, ముక్కుకు ఎడమపక్క ఇత్తడి పుల్ల, ఎండి చీలిన కింది పెదవి, అన్నీ కనబడుతున్నాయి. చూడగలిగిన ఆ రెండు కళ్ళూ ఈదమ్మ పెట్టినవే.

"కనవడ్తలేదు" అంది భీమమ్మ.

తెల్లారేసరికి గుడిసెలు నాలుగూ పీకేశారు. పందులను కొల్లాపురం దారి దాకా తరిమారు. ఈదమ్మ వాళ్ళు ఎక్కడికి పోయారో ఎవరూ కనుక్కోలేదు.

ఆ మాట అన్న మరుక్షణం నుంచి భీమమ్మ గుడ్డిదానిగానే బతకవలసి వచ్చింది. ప్రతి సాయంత్రం అన్నీ కనబడుతుండగా గోడ తడుముకుంటూ నడిచింది. పండుగకు గోడకు పూసిన ఎర్రమట్టి జాజు మీద నడుమెత్తున ఆమె అరచేతి నల్లటి చార మళ్ళీ పడేది. ఆ చారను పగలు చూడడానికి ఆమెకు సిగ్గుగా ఉండేది.

ఏడేళ్ళ తర్వాత తోడికోడలు భాగ్యమ్మ తొలికాన్పు అయి, అదే రంగు గోళ్ళతో, అదే గోడ పట్టుకుంది.

"అక్కా, నీకు గూడ గిట్లనె గద. ఎట్ల బతికినవ్?"

"అలవాటయితది" అంది భీమమ్మ. అని, తన నోటి నుంచి వచ్చింది జంగమ్మ గొంతు అని గుర్తుపట్టింది.

ఆ వారమే మైసమ్మకు మేకను కోశారు. ఇంకా దీపం పెట్టని వేళ. కార్జం గిన్నె అరుగు మీదికి పోవాలి. భీమమ్మ గిన్నె తీసుకుంది. గోడ వదిలి వాకిలి నడుమ నుంచి తిన్నగా నడిచి, భాగ్యమ్మ విస్తరి ముందు వంగి, గిన్నెడూ వంపింది.

"ఓసి, గోడ వట్టకుండ ఎట్ల నడిచినవే?" అంది జంగమ్మ.

"ఏడేండ్ల సంది కనవడ్తుంది అత్తా. ఆ దొప్పల పంది కార్జం తిన్నది నేనె. ఆనాడు ఈదమ్మ మొకం గూడ కనవడ్డది."

భాగ్యమ్మ చెయ్యి విస్తరి మీద ఆగిపోయింది. "తిను" అని భీమమ్మ ఆమె ఎదుటే కూర్చుంది. ఆ ఇల్లు తర్వాత ఆమెను ఏం చేసిందన్నది చిన్న సంగతి. ఆ ఒప్పుకోలు వినవలసిన మనిషి ఆ వాకిట్లో లేదన్నది పెద్ద సంగతి. చెప్పిన తర్వాత కూడా సిగ్గు తగ్గలేదని భీమమ్మ గ్రహించింది.

ఇది చదివి జాలిపడి ఊరుకోకండి. ఈసారి మీ ఇంట మేకను కోసిన నాడు కార్జం గరిటె వెంట మీ చూపును నడిపించండి. అది బాలింత విస్తరిని దాటిపోతే, ఆ చెయ్యి పట్టుకొని ఆపండి.