గోళీ ఆగిన చోటు

ఉదయం ఎనిమిదీ పదికి ఫిజియోథెరపిస్టు గది తాళం తీసింది. చెప్పులు విడిచి రబ్బరు అడుగున్న బూట్లు వేసుకుంది. సొరుగులోంచి గాజు గోళీ తీసి, గది నడిమధ్యన సుద్దతో గీసిన వలయంలో పెట్టి పది లెక్కపెట్టింది. గోళీ కదల్లేదు. రోగులు రాకముందు నేల ఎలా ఉందో రోజూ ఇలా చూసుకోవడం ఆమెకు పద్నాలుగేళ్ళ అలవాటు. వాళ్ళొచ్చాక నేల నేలలా ఉండదు.

తలకు దెబ్బ తగిలి, గాయం మానినా కళ్ళు తిరగడం తగ్గనివాళ్ళను ఆసుపత్రి ఈ గదికి పంపేది. ఒక్కొక్కరి తూలుడు ఒక్కో వైపుకి. వాళ్ళు నిలబడ్డ చోట, చుట్టూ రెండు బారల మేర, నేల కూడా అటే ఒరిగేది. అందుకని వరండాలో బెంచీలను బోల్టులతో బిగించారు. ఆయా ఎవరికైనా టీ సగం గ్లాసే పోసేది. నిండా పోస్తే తుడిచేది ఎవరని అడిగేది.

తాపీ మేస్త్రీ ఒక సోమవారం వచ్చాడు. యాభై రెండేళ్ళ మనిషి. గోడ కడుతుండగా పై అంతస్తు నుంచి జారిన చెక్క నెత్తికి తగిలింది. కుట్లు మానాయి, స్కాన్ బాగానే ఉందన్నారు. తల ఎడమకి తిప్పితే మాత్రం లోకమంతా గిర్రున తిరుగుతోంది. ఒక రెక్క భార్య, ఇంకో రెక్క ఆమె తమ్ముడు పట్టుకుని నడిపించుకొచ్చారు. మేస్త్రీ గడప దాటగానే బల్ల మీది పెన్ను దొర్లుకుంటూ వెళ్ళి ఎడమ గోడ వారన పడింది.

"ఇంట్లో కూడా ఇంతేనమ్మా," అంది భార్య, పెన్ను తీసి ఇస్తూ. "పాలు ఒక పక్కకే పొంగుతున్నాయి. కింద వాటావాళ్ళు వాళ్ళ ఫ్యాను వంకరగా తిరుగుతోందని పోట్లాటకొచ్చారు."

"మా అక్క రెండుసార్లు మంచం మీంచి జారింది," అన్నాడు బావమరిది. అతనూ తాపీ మేస్త్రీయే, ఇద్దరిదీ ఒకే జట్టు. "బావకేం, గోడవైపు పడుకుంటాడు. కదలడు, మెదలడు."

"నోర్ముయ్యరా," అన్నాడు మేస్త్రీ, కళ్ళు తెరవకుండానే.

ఫిజియోథెరపిస్టు అతన్ని కుర్చీలో కూర్చోబెట్టి, ఎదురుగా గోడకు 'క' అక్షరం రాసిన అట్ట అంటించింది. "కళ్ళు అక్షరం మీద. తల మాత్రం అటూ ఇటూ. కళ్ళు తిరుగుతాయి మేస్త్రీ గారూ. తిరగనివ్వండి. తిరగ్గా తిరగ్గా మెదడు దారిలోకొస్తుంది."

"ఎన్నాళ్ళు?"

"ఏడెనిమిది వారాలు."

"మా సూపర్‌వైజరు నెల ఆగుతానన్నాడమ్మా. అప్పటికి బాగుపడ్డానని మీ కాగితం తెస్తే పరంజా ఎక్కుతా. తేకపోతే నా చోటు ఇంకొకడికి. నేను కింద ఇసుక జల్లించుకోవాలి. ముప్పై ఏళ్ళ కింద పనిలో చేరినప్పుడు జల్లెడ దగ్గరే మొదలెట్టాను."

రెండు వారాలైనా పెన్ను పడే చోటు మారలేదు. ఇంట్లో అక్షరం చూస్తూ తల తిప్పుతున్నారా అని ఆమె అడిగింది. పూటకి మూడుసార్లు అన్నాడు మేస్త్రీ. భార్య సంచి విప్పి, విరిగిన టైలు ముక్కలు ఒక్కొక్కటే బల్ల మీద పెట్టింది. పదకొండున్నాయి.

"మంచం కోళ్ళ కింద, పొయ్యి కింద, అలమర కింద. ఇవి రెండూ ఈయన కూర్చునే కుర్చీ కింద. ఇల్లంతా సరిచేసి పెట్టారమ్మా. ఈయన లేచి బయటికెళ్తే మేం కుడివైపు జారుతున్నాం."

"వంకరగా ఉంటే సరిచేశాను. అదీ తప్పేనా?" అన్నాడు మేస్త్రీ.

"మీరు కుర్చీని సరిచేశారు. తల అలాగే ఉంది," అంది ఫిజియోథెరపిస్టు. "వంకర మీద నిలబడితేనే మీ తల నేర్చుకునేది."

మేస్త్రీ ఆమెను జాలిగా చూశాడు. "ముప్పై ఏళ్ళుగా ఎక్కడ వంకర కనిపించినా కొట్టి సరిచేయడమే నా పనమ్మా. మీరేమో దాని మీద కాపురం చెయ్యమంటున్నారు."

అయినా ఆ రోజు నుంచి మాట విన్నాడు. టైలు ముక్కలు భార్య చెత్తలో పారేసింది. అతను స్పాంజి పరుపు మీద కళ్ళు మూసుకుని నిలబడ్డాడు. సుద్దగీత మీద మడమకు కాలివేలు ఆనించి నడిచాడు. ఒరిగిన పలక మీద ఒంటికాలితో నిలబడి, తల ఎడమకు తిప్పి, సత్తు బేసిన్‌లో వాంతి చేసుకుని, మళ్ళీ ఎక్కాడు. నాలుగో వారం మొదట్లో ఆమె పలకను ఎంత ఒంచినా మేకు దిగ్గొట్టినట్టు నిలబడేవాడు. అటువంటి రోగి ఆమెకు అరుదు.

"నిలబడటం వచ్చేసింది," అంది ఆమె. "నేల ఒరగడం ఇంకా పోలేదు. అవి రెండూ వేరు. ఇంకో నాలుగు వారాలు చేద్దాం."

"శుక్రవారం ఆఖరమ్మా."

"గోళీ ఆగితే కాగితం. ఆగకపోతే లేదు. నా చేతుల్లో లేదు."

గోళీ పరీక్ష సులువైనదే. రోగి వలయం పక్కన నిలబడి, కళ్ళు మూసుకుని, తల అటూ ఇటూ తిప్పాలి. ముప్పై లెక్కపెట్టేదాకా గోళీ వలయం దాటకూడదు.

ఆ వలయం పక్కనే గచ్చు పెచ్చు లేచి చిన్న గుంట పడి ఉంది. రోగుల మడమలు అందులో తట్టుకునేవి. బాగుచేయించమని ఆమె ఆఫీసుకు మూడు ఉత్తరాలు రాసింది, మూడింటికీ జవాబు లేదు. మంగళవారం వెళ్ళబోతూ మేస్త్రీ ఆ గుంట దగ్గర ఆగాడు.

"దీన్ని చూస్తుంటే నా చెయ్యి ఊరుకోవట్లేదమ్మా. ఇన్నాళ్ళు నా వాంతులు ఎత్తారు. ఈ కాస్త పని నన్ను చెయ్యనివ్వండి."

వద్దనడానికి ఆమెకు కారణం కనపడలేదు. మర్నాడు మధ్యాహ్నం ఆమె వార్డులో ఉండగా బావమరిది సిమెంటు తెచ్చి పడేసి వెళ్ళాడు. మేస్త్రీ ఒక్కడే మోకాళ్ళ మీద కూర్చుని పనిచేశాడు. గుంట ఒక్కటీ పూడిస్తే అతుకు కనిపిస్తుందని గది నడిమి భాగమంతా చెక్కి కొత్తగా పూశాడు. మూడు గంటలు పట్టింది. ఆయా సగం గ్లాసు టీ మూడుసార్లు ఇచ్చింది. గురువారం గది మూసే ఉంచారు. శుక్రవారం పొద్దున ఆమె సుద్దతో మళ్ళీ వలయం గీసి గోళీ పెట్టింది. పది లెక్కపెట్టింది. కదల్లేదు. చేత్తో తడిమితే నేల పట్టులా ఉంది.

పదకొండింటికి మేస్త్రీ కళ్ళు మూసుకుని నిలబడ్డాడు. భార్య గోడకానుకుంది. తల ఎడమకు తిప్పినప్పుడు గోళీ బెత్తెడు దూరం జరిగింది. వలయం గీత దాకా వచ్చి, తటపటాయించి, వెనక్కి దొర్లి మొదటి చోటికే చేరింది. తల కుడికి తిప్పాడు. కదల్లేదు. మళ్ళీ ఎడమకు. మళ్ళీ వెళ్ళింది, మళ్ళీ వచ్చింది.

"ఇరవై తొమ్మిది, ముప్పై," అంది ఆమె.

పద్నాలుగేళ్ళలో వెళ్ళిన గోళీ తిరిగిరావడం ఆమె చూడలేదు. ఆ మాట పైకి అనాలనుకుంది కూడా. కానీ భార్య కళ్ళు తన చేతిలోని పెన్ను మీదే ఉన్నాయి. తనకూ అతను బాగుపడాలనే ఉంది. బెత్తెడే కదా, గీత దాటలేదు కదా. సంతకం పెట్టింది.

"సోమవారం నుంచి పరంజా పలక మీద నీ చోటు నీదే బావా," అన్నాడు బావమరిది. "నేను ఎప్పట్లా నీ ఎడమ పక్క. నెల రోజులుగా నీ వాటా గోడ కూడా నేనే కడుతున్నా, నడుం పడిపోయింది."

"నువ్వు కట్టిందంతా కూలగొట్టి మళ్ళీ కట్టాలి," అన్నాడు మేస్త్రీ. భార్య నవ్వింది, ఏడ్చింది. మేస్త్రీ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. వెళ్ళేటప్పుడు దణ్ణం పెట్టాడు కానీ ఆమె మొహంలోకి చూడలేదు. నేలకేసి చూశాడు.

తర్వాతి వారం ఇంకో ఇద్దరికి గోళీ ఆగింది. ఒకరు బస్సు డ్రైవరు, ఒకరు నర్సు. "ఇదంతా మీ హస్తవాసి అమ్మా," అంది ఆయా. ఆమె కాదనలేదు.

శనివారం ఒక బడిపంతులు వచ్చాడు. మొదటి రోజే. గోడ పట్టుకుంటే గాని నిలవలేడు. గదిలోకి రాగానే పెన్ను పడింది, క్యాలెండరు గోడకు దూరంగా వేలాడింది, ఆయా తలుపు పట్టుకుంది. గోళీ మాత్రం బెత్తెడు వెళ్ళి తిరిగొచ్చి వలయంలో కూర్చుంది.

ఆమె పంతుల్ని వరండాలో కూర్చోబెట్టి వచ్చింది. గోళీ తీసి బార దూరంలో, కొత్త పూత మొదలయ్యే అంచున పెట్టి వేలు తీసింది. గోళీ నిదానంగా కదిలి, తిన్నగా నడిమధ్యకు వచ్చి ఆగింది. ఇంకో అంచున పెట్టింది. మళ్ళీ అక్కడికే వచ్చింది. నాలుగు వైపుల నుంచీ అక్కడికే. మేస్త్రీ నేలను కంటికి ఆనని పళ్ళెంలా పూశాడు. ఒక్క గరుకు లేదు.

ఆయా వంగి చూసింది. "ఎంత బాగా చేశాడో, పాపం," అంది.

ఆమె డ్రైవరుకూ నర్సుకూ ఇచ్చిన కాగితాలు రద్దుచేయమని ఆఫీసుకు ఫోన్ చేసింది. తర్వాత మేస్త్రీ ఇంటికి చేసింది. చాలాసేపు మోగాక భార్య ఎత్తింది.

"మేస్త్రీ గారు పనిలోకి వెళ్ళారా? వెంటనే కిందికి దిగమనండి. ఆయనకేం కాలేదు కదా?"

"ఆయనకేం కాలేదమ్మా," అంది భార్య. "మంగళవారం పొద్దున కింద నుంచి ఎవరో పిలిస్తే ఈయన గబుక్కున ఎడమకి తిరిగారంట. పరంజా పలక ఒరిగిపోయింది. మా తమ్ముడు జారిపోయాడు. మూడో అంతస్తు. ఆసుపత్రికి చేరేసరికే లేడు."

ఆమె చూపు నడిమధ్యన ఆగి ఉన్న గోళీ మీదికి వెళ్ళింది.

"ఈయన మాత్రం కదల్లేదు. మేకు దిగ్గొట్టినట్టు నిలబడ్డారని జట్టులో అందరూ చెబుతున్నారు," అంది భార్య. "మీరు బాగా నేర్పారమ్మా."