పుట్టు రంగు

మా బావ పళ్ళ డాక్టరు. ఊళ్ళోవాళ్ళ చేత నోళ్ళు తెరిపించడం ఆయన వృత్తి, మా అక్క ముందు నోరు మూసుకోవడం ఆయన సంసారం. ఇంట్లో అధికారం అక్కది, సహకారం నాది, ఆకారం మాత్రం కారుది. మమకారమంతా బావది.

ఆ కారు ఆయన తండ్రి కొన్నది. దంతం రంగు ఒళ్ళు, గుండ్రటి లైట్లు, ముందు నిలువు పళ్ళతో వెండి నవ్వు నవ్వే జాలీ, వెనక చేప తోకలా ఎగిసిన రెండు రెక్కలు. ఇప్పటి కార్లన్నీ అరిగిన సబ్బుబిళ్ళల్లా ఉంటాయి. తాళం నొక్కి కూయిస్తే తప్ప ఏది తనదో యజమానికే తెలియదు. ఇది రోడ్డెక్కితే ముసలాళ్ళు ఆగి చూస్తారు, పడుచువాళ్ళు ఆగి ఫొటోలు తీస్తారు. ఒక్కోసారి ఇంజను కూడా ఆగుతుంది.

క్రితంసారి పాతకార్ల ప్రదర్శనకి వెళ్తే మైదానం గేటు దగ్గరే ఆగింది. కదలని కారు వద్దని వాళ్ళు వెనక్కి పంపించేస్తే, తోసుకుంటూ ఇంటికి తెచ్చాం.

"ఈసారి కూడా వెనక్కి పంపించేశారంటే పెళ్ళికార్ల ఆయనకి ఇచ్చేద్దాం. గులాబీ రంగు వేయించుకుంటాడట" అంది అక్క.

బావ సరేనన్నాడు. ఆ రోజునుంచి ఆయనకి నిద్ర పట్టలేదు. కారుకి మాత్రం పాలిష్ పట్టింది.

ఆయన పోటీకి నిలబెట్టింది 'పుట్టు రంగు' వరసలో. చక్రాలకి తప్ప ఒంటిమీద ఎక్కడా ఫ్యాక్టరీలో పూసిన రంగు కాకుండా మరో చుక్క తగలని కార్లకే అక్కడ చోటు. తగిలిందా, బయటికే.

ఈసారి కారు బుద్ధిగా మైదానం చేరింది. బుద్ధిగా లేనిది బావే. కారు చుట్టూ తిరిగాడు, వంగాడు, లేచాడు, అద్దం మీద ఊది తుడిచాడు.

"బావా, కాసేపు కూర్చో. నువ్వు తిరిగినంత దీని చక్రాలు కూడా తిరగలేదు."

"నీ జోకులు తర్వాతరా. పరీక్షకురాలు ఎక్కడిదాకా వచ్చింది?"

"ఆ ఎర్రకారు దగ్గరుంది."

"ఏం చూస్తోంది?"

"కారునే. ఇంకేం చూస్తుంది, నీ బీపీనా?"

బావ జేబులోంచి గుడ్డ తీశాడు. బానెట్ అంచు మీద ఒక్కసారి రుద్దాడు. ఇంకొక్కసారి. ఆఖరిసారి. ఆ తర్వాత మరోసారి. దంతం రంగు అరిగిపోయి, అడుగున ఉన్న ఎర్రటి ప్రైమర్ గోరంత మచ్చగా బయటపడింది.

"పుచ్చు!" అన్నాడు బావ, పాలిపోయి.

టీ తెచ్చి ఆయన్ని కాస్త నిలబెడదామని అక్కా నేనూ అటు వెళ్ళాం. తిరిగొచ్చేసరికి మచ్చ లేదు! చక్రాల కోసం తెచ్చుకున్న దంతం రంగు డబ్బా మూత తీసి ఉంది.

"ఏం చేశావు బావా?"

"పూడ్చాను."

"కొత్త రంగు తగలకూడదనేగా రూలు!"

"తెలుసురా! కన్నం కనపడితే నా చెయ్యి ఆగదు. పక్క పంటితో రంగు కలపడమేగా నా పని. చూడు, ఎవరైనా పట్టుకోగలరేమో!"

ఆవిడ పట్టుకుంది. నెరిసిన జుట్టు, చేతిలో టార్చి. జాలీ చూసి నవ్వింది, రెక్కల మీద మురిపెంగా చెయ్యి వేసింది. బానెట్ అంచు దగ్గర టార్చి ఆపింది.

"కారంతా హాయిగా ముసలిదైంది. ఈ ఒక్క చోటే ఇంత పడుచుగా ఉందేమిటండీ?"

అక్క బావని చూసింది. ఊరందరి నోళ్ళూ తెరిపించిన మనిషికి తన నోరు తెరుచుకోలేదు. డిక్కీలోంచి రంగు కరిగించే థిన్నరు తీసి, దూది ముంచి, ఆ చోటు తుడిచేశాడు. మచ్చ మళ్ళీ ఎర్రగా చూసింది.

"నేనే అరగదీశాను మేడమ్. నేనే పూడ్చాను. ఇంకా ఆరలేదు లెండి."

ఆవిడ వంగి, ముక్కు తగిలేంత దగ్గరగా చూసింది.

"అరిగినందుకు ఎవర్నీ పంపించనండీ. అతికితేనే పంపిస్తాను. సాయంత్రం మళ్ళీ వస్తాను. అప్పటిదాకా దీన్ని ముట్టుకోకుండా ఉండగలరా?"

బావ చెయ్యి అప్పటికే గుడ్డ మీదికి పోయింది. అక్క చెప్పింది: "నేనుంటాను కదండీ."

గుడ్డ లాక్కుని దానిమీద కూర్చుంది. బావ రెండు చేతులూ తన ఒళ్ళోకి తీసుకుని గట్టిగా పట్టుకుంది. ఆయన కాళ్ళు మాత్రం నేలమీద కుట్టుమిషను తొక్కుతూనే ఉన్నాయి. "నీడలో ఆ అంచు బాగా కనిపిస్తోందా?" అంటాడు. "కదలకండి" అంటుంది. పెళ్ళైన కొత్తలో కూడా వీళ్ళిద్దరూ ఇంతసేపు చేతులు పట్టుకుని కూర్చోగా నేను చూడలేదు.

సాయంత్రం ఆవిడ వచ్చింది. మచ్చని చూసింది, వీళ్ళ చేతుల్ని చూసింది, తలూపి పక్క కారు దగ్గరికి వెళ్ళిపోయింది. మా కారుని వరసలోంచి ఎవరూ కదపలేదు.

ఇంటికి బయల్దేరేటప్పుడు మేమూ కదపలేకపోయాం. ఇంజను ఆగిపోయింది. అక్క ఏమంటుందోనని బావ బిక్కచచ్చిపోయాడు. అక్క వెళ్ళి స్టీరింగు ముందు కూర్చుంది. మేమిద్దరం వెనక రెక్కల మీద చేతులు ఆనించి తోయడం మొదలుపెట్టాం. కాస్త దూరం పోయాక కిటికీలోంచి అక్క తల బయటికి వచ్చింది.

"ఏవండీ, తోయండి! పాలిష్ చెయ్యకండి!"