మూడో పేజీ నుంచి మొదలైన కథ

బాగుంది అన్నాడు, నాన్నే అన్నాడు, బొమ్మలేసుకుంటూ ఏం బావుకుంటావే అని పదేళ్లు దెప్పిన మనిషి, ఇప్పుడు సోఫాలో కాళ్లు ముడుచుకుని, కళ్లజోడు ముక్కు మీదికి జార్చి, కూతురు రంగులేసిన కామిక్‌నే ఫోన్లో చదువుతున్నాడు, అందులో వాన కురిసే పేజీకి నీలం రంగు కుదరక నాలుగు రోజులు ఆమెకి మెడ పట్టేసింది, ఇప్పుడు ఆ పేజీ మీదే ఆయన బొటనవేలు, చూడవే, ఫ్రీగా వస్తోంది, మా వాకింగ్ స్నేహితుడు పంపాడు, అంటున్నాడాయన, అంతలో నీలం మీద ఎర్రగా ఓ ప్రకటన ఊడిపడింది, మీ ఫోన్‌కి వైరస్ సోకింది, ఇక్కడ నొక్కండి, నొక్కబోయాడు కూడా, ఆమె ఫోన్ లాక్కుంది.

లాక్కున్నాక చూసింది, కథ మూడో పేజీ నుంచి మొదలవుతోంది, ముఖచిత్రాన్నీ, రాసినాయన, గీసినావిడ, రంగులేసిన తను, అందరి పేర్లూ ఉన్న పేజీనీ ఎవరో పీకేశారు, ఊరుకుందామా, ఇన్నేళ్లకి బాగుందన్నాడు, ఒక్కపూట నోరు మూసుకుంటే ఏం పోతుంది, పోతుంది, పేరే పోయింది, ఇంకేం మిగిలిందని, నాన్నా ఇది దొంగ సైటు, మా ప్రచురణ సంస్థది కాదు, ఎవడో ఎత్తుకొచ్చి పెట్టాడు, ఇందులో నా పేరెక్కడుందో చూపించు, అంది, ఆయన పేజీలు వెనక్కి జరిపాడు, ఇంకా వెనక్కి, లేదు, చదివితే సంతోషించాల్సింది పోయి లాయరులా నిలదీస్తావేంటే, లోకమంతా ఇలాగే చదువుతోంది, అన్నాడు, లోకం సంగతి నాకొద్దు, నువ్వు మాత్రం ఇలా చదవొద్దు, అనేసింది, వద్దు అనే మాట ఈ ఇంట్లో ఇంతవరకూ ఆయన సొత్తు.

సైటు మూసేసింది, ప్రచురణ సంస్థ యాప్ దించి ఫోన్ ఆయన చేతిలో పెట్టింది, మొదటి మూడు భాగాలు ఊరికే చదువుకోవచ్చు, మిగతావి కొనుక్కోవాలి, నాన్నవైనా సరే కొనుక్కోవాలి, అంది, ఆయన ఫోన్ బోర్లించి గోడవైపు తిరిగాడు, అలిగాడు, వంటింటి గుమ్మంలోంచి అమ్మ సైగ, వెళ్లి బతిమాలుకోవే, ఎప్పుడూ బతిమాలింది తనే, మార్కులు తగ్గినప్పుడు, కోర్సు మారినప్పుడు, ఆఫీసు ఉద్యోగం మానేసి ఈ పనిలో చేరినప్పుడు, కాళ్లు అలవాటుగా అటు కదలబోయాయి, ఆగాయి, ఆ వీపు ఎంతసేపు అలా ఉంటుందో ఉండనీ, యాప్ తెరుస్తాడో తెరవడో ఆయన ఇష్టం, ఆయన మెచ్చుకోకుండానే ఇన్నేళ్లూ పనిచేసింది, రేపూ చేస్తుంది.