బొట్టు పెట్టిన అడాప్టర్

వెంకటముని అడాప్టర్‌ను లాప్‌టాప్ నుంచి పీకి, నోటి దగ్గర పెట్టుకుని గట్టిగా ఊది, మళ్ళీ గుచ్చాడు. దీపం వెలగలేదు. ఊదితే రాజుకోవడానికి అదేమన్నా కట్టెలపొయ్యా? చిత్తూరు బస్టాండు వెనక సందులో, సెట్‌టాప్ బాక్సులు బాగుచేసే ఆ అంగట్లో చేరిన నాటినుంచీ ఆయనకు తెలిసిన వైద్యం ఊదడం, తట్టడం, తిట్టడం.

బాక్సుల్లో పాత ప్రోగ్రాం చెరిపి కొత్తది ఎక్కించేది ఆ అరచేతంత అడాప్టరే. దాని పక్కనున్న మీటను ఒకవైపు జరిపితే బాక్సు మెమరీ చెరుగుతుంది, రెండోవైపు జరిపితే అడాప్టర్ సొంత మెమరీ. నిన్న ఆయుధపూజకు స్క్రూడ్రైవర్లతోపాటు దానికీ గంధం కుంకుమ మెత్తాడు మహానుభావుడు. గాడిలో గంధం గట్టిపడింది. మొన్న ఏదో పనికి అడాప్టర్ మెమరీ వైపు జరిపిన మీట పొద్దున బాక్సు వైపుకు రాలేదు. ఆయన చూడలేదు, లాప్‌టాప్‌లో చెరిపే మీట నొక్కేశాడు. బాక్సుకు బదులు అడాప్టర్ మెమరీయే చెరిగిపోయింది.

సంగతి తెలిసి యజమాని భానుచందర్ సాయంత్రానికి వస్తానన్నాడు. ఈ పని చేసినవాళ్ళెవరో తేల్చిపెట్టమనీ, వాళ్ళు రేపటినుంచి రానక్కర్లేదనీ ఫోన్లోనే చెప్పేశాడు.

వెంకటముని మీసానికి రంగు, బొజ్జ దగ్గర ఊడిన గుండీ, జేబులో టెస్టర్. ఏభై దాటిన ఈ మనిషి బతుకంతా ఒకటే వరస. పది తప్పితే పేపరు దిద్దినవాడి తప్పు. బంగారుపాళ్యం మామిడిగుజ్జు ఫ్యాక్టరీలో పని పోతే మేస్త్రీ తప్పు. పెళ్ళాం పుట్టింటికి పోతే అత్త తప్పు.

అడాప్టర్‌కు మందు ఫోన్లో ఓ వీడియోలో దొరికింది. దాని డబ్బా విప్పి, మెమరీ చిప్పు కాళ్ళు రెండింటిని పిన్నుతో కలిపి పట్టుకుని, అదే సమయంలో వైరు గుచ్చాలి. అప్పుడు చెడిన మెమరీని చదవలేక, అడాప్టర్ కొత్తదానిలా లాప్‌టాప్‌కు కనబడుతుంది. పిన్ను తీసి ప్రోగ్రాం ఎక్కించుకోవచ్చు. దానికి ఇద్దరు కావాలి. అంగట్లో రెండో మనిషి కృపారాణి. బల్ల దగ్గర కూర్చుని బాక్సుల మీద పేర్లు రాసే పిల్ల, ఏడాది బిడ్డను తల్లి దగ్గర వదిలి వస్తుంది. ఆడవాళ్ళు ముట్టుకుంటే సామాను కాలిపోతుందని రోజూ ఆమెను ఆడిపోసుకునేవాడు.

"ఏమ్మే, ఇట్లా రా. ఈ వైరు పట్టుకో."

"నేను ముట్టుకుంటే కాలిపోతాయంటివే అన్నా."

"ఎగతాళికి అంటే దాన్నే పట్టుకుంటావే. రా తల్లీ."

ఆయన లావు వేళ్ళలోంచి పిన్ను జారిపోతూనే ఉంది. చివరికి పిన్ను ఆమే పట్టుకుంది. ఊపిరి బిగబట్టి, కదలకుండా. ఆయన వైరు గుచ్చాడు. లాప్‌టాప్ కూసింది. ప్రోగ్రాం ఎక్కింది. పచ్చదీపం వెలిగింది.

భానుచందర్ వచ్చి, చూసి సంతోషించి, ముగ్గురికీ టీ తెప్పించాడు. తర్వాత అడిగాడు, అసలు చెడగొట్టింది ఎవరని.

"ఈ పిల్లే సార్. మీట మింద కుంకం పూసింది. నేను కిందామీదా పడి బతికించినాను."

ఆదివారం తప్పకుండా చర్చికి పోయే పిల్ల. తన నుదుటికే పెట్టుకోని బొట్టు అడాప్టర్‌కు పెట్టిందట. ఇంతకన్నా మంచి అబద్ధం అల్లడానికి కూడా ఆయనకు తెలివి చాలలేదు. భానుచందర్ ఆ బోసి నుదుటిని చూశాడు, అర్థం చేసుకున్నాడు కూడా. కానీ బాక్సులు విప్పే మనిషి దొరకడం కష్టం, పేర్లు రాసే మనిషి ఎక్కడైనా దొరుకుతుంది.

"రేపట్నించి రావద్దులేమ్మా," అన్నాడు లాప్‌టాప్ వైపు చూస్తూ.

కృపారాణి సంచి భుజాన వేసుకుని గడప దగ్గర ఆగింది.

"మళ్ళా చెరిగితే పిన్ను ఎవురు పట్టుకుంటారన్నా?"

వెంకటముని ఇంకో బాక్సు విప్పసాగాడు. బల్ల అంచున ఆమె ముట్టని టీ మీద మీగడ కట్టింది. నానిన అట్టకప్పు ఒకవైపుకు ఒరిగి, అలాగే ఉంది.